చర్చి యూత్ ఆకలి మీద పనిచేయాలంటే: 500 బిర్యానీ పొట్లాలకు ముందు ఒక మాట

తమ్ముడూ, వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెరంబూరు వైపు ఒక తెలుగు సంఘంలో మీరు యూత్ లీడరు, మీతో 25 మంది యవ్వనస్తులున్నారు. విదేశాల్లో చర్చి పిల్లలు 30 గంటలు ఉపవాసముండి ఆకలిగొన్నవాళ్ళ కోసం డబ్బు పోగుచేస్తారని వీడియోలో చూశారు. మీరూ ఒక రోజు ఉపవాసముండి, చందాలు వసూలు చేసి, క్రిస్మస్ వారంలో రోడ్ల పక్కన ఉండే 500 మందికి చికెన్ బిర్యానీ పొట్లాలు పంచాలనుకుంటున్నారు. 60 వేలు అవుతుందని లెక్క వేశారు. డబ్బు ఎలా రాబట్టాలి, ఏ ఏరియాలో పంచితే బాగుంటుంది అని అడిగారు.

మాది ఒంగోలు. పెళ్ళయ్యాక మద్రాసు వచ్చి 27 ఏళ్ళయింది. అందులో 19 ఏళ్ళుగా మా సంఘం యవ్వనస్తులతో ఈ పనే చేస్తున్నాను. 60 వేలు మీకు వస్తాయి, దాని గురించి టెన్షన్ వద్దు. అన్నం పెడతామంటే మనవాళ్ళు ఇస్తారు. నా బాధల్లా ఆ 60 వేలు ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయనే. అదే డబ్బుతో, అదే 25 మందితో పది కుటుంబాలకు నాలుగు నెలల పాటు సరుకులు ఇవ్వొచ్చు. నన్నడిగితే అదే చేయండి అంటాను. ఎందుకో, ఎలాగో నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందు క్రిస్మస్ వారం సంగతి. ఆ వారంలో చెన్నైలో సంఘాలు, కాలేజీలు, ఆఫీసులు అన్నీ ఏదో ఒకటి పంచుతాయి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఒకే ముసలాయనకు గంటన్నరలో మూడు పొట్లాలు అందడం నేను దగ్గరుండి చూశాను. ఒకటి తిన్నాడు, ఒకటి పక్కాయనకిచ్చాడు, మూడోది సాయంత్రానికి వాసన వచ్చి పారేశాడు. జనవరి రెండో వారంలో అదే చోటికి వెళ్తే పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ఈ ఊళ్ళో ఆకలికి కొన్ని రోజులున్నాయి. వాటిని తెలుసుకోవాలి. మొదటిది అక్టోబరు, నవంబరు వానలు. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. వాన పడితే పునాది తవ్వకం ఆగుతుంది, కాంక్రీటు పని ఆగుతుంది, రోజు కూలి ఆగుతుంది. శ్రీకాకుళం నుంచి, ప్రకాశం నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండే మనవాళ్ళు ఆ రోజుల్లో అప్పు మీద బతుకుతారు. రెండోది ప్రతి నెలా చివరి పది రోజులు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ జీతం అప్పటికి అయిపోయి ఉంటుంది. మూడోది మే నెల. దీని గురించి చాలామంది ఆలోచించరు కాబట్టి కొంచెం చెప్తాను.

బడిలో అన్నం పెట్టడమనేది ఈ నగరంలోనే చాలా ముందు మొదలైంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్‌లోని ఒక బడి పిల్లలకు భోజనం పెట్టాలని తీర్మానం చేసింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగువారే. టి.నగర్ పేరులో ఉన్న త్యాగరాయ ఆయనే. తర్వాత 1950ల్లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు. 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టారు. అంటే ప్రభుత్వ బడికి వెళ్ళే చిన్న పిల్లకు రెండు పూటలు బడిలోనే గడుస్తాయి. బడి మూసిన రోజు ఆ రెండు పూటలూ ఇంటి మీద పడతాయి. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో మే నెల ఎలా ఉంటుందో ఊహించండి. మా యూత్ ఏడాదిలో ఎక్కువ ఖర్చు పెట్టేది మే నెలలోనే. క్రిస్మస్‌కు కేకు, కొత్త బట్టలు ఇస్తాం, అది సంతోషం కోసం. ఆకలికైతే మే.

ఇప్పుడు డబ్బు, బియ్యం ఎలా పోగుచేయాలో చెప్తాను. మీ పెద్దవాళ్ళను అడగండి, ఊళ్ళో సంఘాల్లో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు అమ్మ ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా సంఘానికి వచ్చేది. మిజోరం క్రైస్తవులు ఇదే పనిని 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ వదల్లేదు. బుహ్‌ఫాయి థామ్ అంటారు వాళ్ళు. వంట చేసినప్పుడల్లా ఒక గుప్పెడు. పేద ఇంటి నుంచి కూడా వస్తుంది, ఎందుకంటే గుప్పెడు తీస్తే ఎవరి కడుపూ మాడదు. మిజో సంఘాల సేవకు ఈ బియ్యం ఎంతో పెద్ద ఆధారమైంది.

మా సంఘంలో 110 ఇళ్ళున్నాయి. ఈ పద్ధతి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అందరూ సరే అన్నారు, నికరంగా చేస్తున్నది 60 ఇళ్ళు. లెక్క చూడండి. ఆడవాళ్ళ పిడికిలికి సుమారు 40 గ్రాములు. రోజుకు రెండు పూటలు, నెలకు ఒక ఇంటి నుంచి 2 కిలోల 400 గ్రాములు. 60 ఇళ్ళ నుంచి 144 కిలోలు. ఒక కుటుంబానికి నెలకు 10 కిలోలు ఇచ్చినా 14 కుటుంబాలకు సరిపోతుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, రసీదు పుస్తకం పట్టుకుని తిరగలేదు. ఇంకో మంచి సంగతి, ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ పిల్లలు ఆ డబ్బాను చూస్తారు. ఏడాదికొక ఉపవాసం కంటే అది వాళ్ళ మనసులో ఎక్కువ నాటుకుంటుందని నా అనుభవం.

ఇందులో ఒక చిక్కుంది, మేం మొదటి నెలలోనే ఇరుక్కున్నాం. చెన్నైలో కొందరు ఉప్పుడు బియ్యం వండుతారు, కొందరు పచ్చి బియ్యం. కొందరింట్లో సోనామసూరి, కొందరింట్లో రేషను బియ్యం. అన్నీ ఒకే డ్రమ్ములో పోసి కుటుంబాలకు ఇచ్చాం. ఒక తల్లి మూడు వారాల తర్వాత మొహమాటపడుతూ చెప్పింది, సగం మెత్తగా అయిపోతోంది, సగం పలుకుగా ఉంటోంది, పిల్లలు తినట్లేదు అని. అప్పట్నుంచి మూడు డ్రమ్ములు పెట్టాం. ఉప్పుడు బియ్యం ఒకటి, పచ్చి బియ్యం ఒకటి, కలిసిపోయినవి ఇంకొకటి. కలిసిపోయినదాన్ని ఇడ్లీ, దోసె పిండికి సంఘంలోనే వేలం వేస్తాం. కోత పండుగకు గుమ్మడికాయలు, అరటి గెలలు వేలం వేసినట్టే. ఆ డబ్బుతో పప్పు, నూనె కొంటాం. ఉప్పుడు బియ్యం తినే అలవాటున్న ఇంటికి అదే ఇవ్వండి. కోస్తా నుంచి వచ్చిన మనవాళ్ళకు అది ఎక్కువగా సయించదు. ఉచితంగా ఇచ్చేది ఏదైనా తినాలి అనుకోవడం తప్పు. ఆకలిగా ఉన్నవాళ్ళకూ రుచి ఉంటుంది.

పప్పు, నూనె, గుడ్లకు డబ్బు కావాలి. మా సంచిలో 10 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, లీటరు నూనె, చింతపండు, కారం, ఉప్పు, చక్కెర, టీ పొడి, 30 గుడ్లు, రెండు సబ్బులు ఉంటాయి. అన్నీ బయట కొంటే 1,400 నుంచి 1,500 రూపాయల దాకా అవుతోంది. బియ్యం పిడికెడు డబ్బాల నుంచి వస్తే అందులో మూడో వంతు పైగా తగ్గుతుంది. బియ్యం కొనాల్సి వస్తే రెడ్‌హిల్స్ మిల్లుల దగ్గర బస్తాల్లో తీసుకోండి, చిల్లర దుకాణంలో వద్దు. గుడ్లు మాత్రం తీసేయకండి. బియ్యం ఎక్కువైతే కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

ఈ రక్తహీనత మాట మీ ఉపవాసం ఆలోచనకు కూడా తగులుతుంది. మీరు చూసిన 30 గంటల కార్యక్రమం వరల్డ్ విజన్ సంస్థది, 1971లో కెనడాలో మొదలైంది. ఆ పిల్లల్లో ఎక్కువమంది రోజూ కడుపునిండా తినేవాళ్ళు. ఆకలంటే ఏమిటో వాళ్ళకు తెలియాలని పెట్టినది అది. మీ 25 మందిలో పొద్దున టీ తాగి కాలేజీకి వెళ్ళే అమ్మాయి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మా దగ్గర ఉండేది. ఉపవాసం రోజున ఆ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. తర్వాత తెలిసింది, ముందు రోజు రాత్రి కూడా ఇంట్లో ఏమీ లేదని. ఆకలి మీద పనిచేస్తున్నామని చెప్పుకుంటూ పక్కన కూర్చున్న పిల్ల ఆకలి మేం చూడలేదు. ఆ రోజు ఏడ్చినంత నేను ఎప్పుడూ ఏడవలేదు. అందుకే మొదటి సంచి ఎవరికి వెళ్ళాలో మీ బెంచీల్లోనే వెతకండి. సంఘంలో అందరికీ తెలిసేలా కాదు, మీరూ పాస్టరమ్మగారూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

ఉపవాసం వద్దని చెప్పట్లేదు. యెషయా 58వ అధ్యాయం మీకు తెలుసు, ఆకలిగొన్నవాళ్ళకు మన ఆహారం పెట్టడమే దేవుడు కోరిన ఉపవాసమని. మేమిప్పుడు నెలకొక శనివారం ఒక్క పూట మానేస్తాం. 18 నిండిన వాళ్ళే, అదీ ఇష్టమైతేనే. షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు, మందులు వాడేవాళ్ళు చేయకూడదు. ఆ పూట బయట తింటే అయ్యే డబ్బు డబ్బాలో వేస్తారు. చిన్నవాళ్ళు ఆ రోజు చిరుతిండి మానుకుని పది, ఇరవై వేస్తారు. ఎవరెంత వేశారో రాయం.

విదేశాల నుంచి నేర్చుకోవాలంటే నాకు ఇంకో ఉదాహరణ నచ్చుతుంది. 1990లో అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం కొలంబియాలో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం యవ్వనస్తులు, సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగే ఆదివారం చర్చి గుమ్మం దగ్గర సూప్ గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. బయటికి వచ్చే ఒక్కొక్కరినీ ఒక్క డాలరే అడిగారు. మొదటి ఏడు చుట్టుపక్కల 22 సంఘాలు కలిసి 5,700 డాలర్లు పోగుచేశాయి. ఆ డబ్బు ఎక్కడికీ పంపనక్కర్లేదు, ఏ సంఘం డబ్బు ఆ సంఘం తన ఊళ్ళో ఆకలి మీద పనిచేసే చోటికి ఇస్తుంది. ఆట చూసే హడావుడిలో ఉన్న రోజును పట్టుకోవడం వాళ్ళ తెలివి. మనకు క్రికెట్ ఫైనల్స్ ఉన్నాయి. గిన్నె పట్టుకుని, మనిషికి 20 రూపాయలు అడిగి చూడండి. తక్కువ అడిగితే అందరూ ఇస్తారు.

డబ్బు లెక్కలు క్లుప్తంగా చెప్తాను, కానీ ఇందులో తేడా రాకూడదు. మీ సొంత ఫోన్‌పే నంబరు ఎక్కడా పెట్టకండి, సంఘం బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడే పెట్టండి. నగదు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. నెలాఖరున వచ్చినదీ ఖర్చయినదీ నోటీసు బోర్డు మీద పెట్టండి, గుడ్ల బిల్లుతో సహా. సిగ్నళ్ళ దగ్గర డబ్బాలతో పిల్లల్ని నిలబెట్టకండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు పంపిస్తామంటారు, అక్కడ ఆగి చూసుకోండి. భారత పౌరుడిగా ఉంటూ అక్కడ ఉద్యోగం చేసుకునే అన్నయ్య తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపితే విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ప్రేమతో ఇస్తున్నారు కదా అని తీసుకుంటే సంఘం పెద్దలు ఇబ్బందుల్లో పడతారు.

ఎవరికి ఇవ్వాలన్నది అన్నిటికంటే కష్టమైన పని. నా 19 ఏళ్ళలో ఎక్కువ తప్పులు ఇక్కడే చేశాను. మొదట్లో ఫుట్‌పాత్ మీద పడుకునే వాళ్ళకు బియ్యం, పప్పు సంచులు ఇచ్చాం. వాళ్ళకు పొయ్యి లేదు, గిన్నె లేదు, వర్షం వస్తే దాచుకునే చోటు లేదు. మరుసటి రోజు ఆ సంచులు దగ్గర్లో దుకాణంలో సగం ధరకు అమ్ముడుపోయాయి. మా పిల్లలకు కోపం వచ్చింది, మోసం చేశారని. మోసమేమీ లేదు. వాళ్ళకు వండిన అన్నం కావాలి, మేం వండనిది ఇచ్చాం, అంతే. పొయ్యి ఉన్న ఇంటికి సరుకులు, పొయ్యి లేనివాళ్ళకు వండినది. చిన్న మాటే, కానీ వెళ్ళి కూర్చుని మాట్లాడితే తప్ప తెలియలేదు.

కాబట్టి ముందు నెల రోజులు ఏమీ పంచకండి. ఐదుగురు చొప్పున జట్లు చేసి, ప్రతి జట్టులో ఒక పెద్దామెను పెట్టి, శనివారం సాయంత్రాలు తిరగండి. మీ పెరంబూరుకు వ్యాసర్పాడి, పులియాంతోపు దగ్గరే. చెన్నైలో తరతరాలుగా రోడ్లు ఊడ్చే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ళ ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ తెలుగు వినండి, మనం మర్చిపోయిన మాటలు అందులో ఉన్నాయి. సర్వే ఫారాలు పట్టుకుని వెళ్ళకండి. "నిన్న రాత్రి ఏం వండారమ్మా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో మీకు సగం తెలిసిపోతుంది. భర్త తాగుతాడు కాబట్టి డబ్బు ఇవ్వొద్దని ఆమే చెప్తుంది. ముసలావిడకు పళ్ళు లేవు, గుగ్గిళ్ళు వద్దు, రాగి పిండి ఇవ్వమంటుంది.

రెండో చోటు ఆసుపత్రులు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి మన జనం రాజీవ్‌గాంధీ జనరల్ ఆసుపత్రికి, ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి, అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వస్తారు. లోపలున్న రోగికి అన్నం దొరికినా, బయట చాప వేసుకుని కూర్చున్న తల్లి పస్తు పడుకుంటుంది. 2013లో మొదలైన అమ్మ ఉణవగం అనే ప్రభుత్వ క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నం పెడతారు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లో కూడా ఉన్నాయి. కానీ బోర్డు తమిళంలో ఉంటుంది. కావలి నుంచి వచ్చిన ఒక తల్లి ఆ క్యాంటీన్‌కు వంద అడుగుల దూరంలో నాలుగు రోజులు బిస్కెట్లతో గడిపింది, అదేదో ఆఫీసు అనుకుని. మీ పిల్లలకు తమిళం, తెలుగు రెండూ వచ్చు. ఇది డబ్బుతో దొరికే సాయం కాదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు వెళ్ళి క్యాంటీన్ చూపించి, మందుల చీటీ చదివి పెట్టి, ఫోన్ నంబరు ఇచ్చి వస్తే ఒక పొట్లం కంటే ఎక్కువ చేసినట్టు.

రెండు భాషలు వచ్చిన పిల్లలు చేయగలిగిన ఇంకో గొప్ప పని రేషను కార్డు. 2013 ఆహార భద్రత చట్టం కింద కార్డున్న కుటుంబంలో సాధారణంగా మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం వస్తుంది, 2023 జనవరి నుంచి అది ఉచితం. ఒకే దేశం ఒకే రేషను పథకంలో తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. అంటే ఆంధ్రాలో ఆ చట్టం కింద ఇచ్చిన కార్డు ఉన్నవాళ్ళు చెన్నైలో రేషను దుకాణానికి వెళ్ళి వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. సగం కుటుంబం ఊళ్ళో, సగం ఇక్కడ ఉంటే వాటా పంచుకుని కూడా తీసుకోవచ్చు. రాష్ట్రం తన సొంత డబ్బుతో ఇచ్చిన కార్డుకు ఇది పనిచేయదు, కాబట్టి ముందు కార్డు ఏ రకమో చూడండి. ఆధార్ కలిపి ఉండాలి. ఇటుకలు మోసి, గిన్నెలు తోమి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళతో పదిసార్లు వేయించాల్సి వస్తుంది, విసుక్కోకూడదు. దుకాణంలో కుదరదంటే 14445కు ఫోన్ చేయండి. పోయిన ఏడు మా ముగ్గురు కాలేజీ పిల్లలు రెండు నెలలు తిరిగి 11 కుటుంబాలకు ఇది చేయించారు. నలుగురున్న ఇంటికి నెలకు 20 కిలోలు, ఏడాదికి 240 కిలోలు. మేం ఎన్ని గిన్నెలు పట్టుకుని నిలబడితే అంత బియ్యం వస్తుంది చెప్పండి.

వండి పెట్టాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు తప్పవు. వండిన అన్నం వేడిగా, అంటే 60 డిగ్రీల పైన ఉండాలి. చల్లారి గదిలో ఉండే కొద్దీ క్రిములు పెరుగుతాయి, మళ్ళీ వేడి చేసినా కొన్నిటి విషం పోదు. చెన్నై ఎండలో దించిన రెండు గంటల్లో తినేలా చూసుకోండి. చికెన్ బిర్యానీ 500 పొట్లాలు కట్టి, ట్రాఫిక్‌లో వ్యానులో తిప్పితే చివరి వంద పొట్లాల గురించి నాకు భయమే. పులిహోర, గుడ్డు, అరటిపండు పెట్టండి. చింతపండు, నూనె ఉన్నందువల్ల పులిహోర సాంబారన్నం కంటే మేలుగా నిలుస్తుంది. వేడి అన్నం ప్లాస్టిక్ కవరులో కట్టొద్దు, అరటాకు, పైన కాగితం చాలు. పెళ్ళిళ్ళలో మిగిలినది తీసుకురావాలనుకుంటే, ఇస్తామన్నవాళ్ళను వంట ఎన్నింటికి దించారో అడగండి. సరిగా చెప్పలేకపోతే తీసుకోకండి. మిగిలిన ఆహారం పంచడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు పెట్టింది, క్రమంగా చేయాలనుకుంటే నమోదు చేసుకోండి.

ఇక నేను పట్టుదలగా చెప్పే విషయం ఒకటుంది. సంచితో పాటు కరపత్రం ఇవ్వొద్దు. అన్నం ముందు పెట్టి ప్రసంగం చేయొద్దు. ఆదివారం చర్చికి వచ్చినవాళ్ళకే సరుకులు అనే మాట మీ నోట రాకూడదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసినవాడికి సుమారు అర కిలో ధాన్యం, ఒక అణా చాలన్నారు అప్పటి అధికారులు. మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాడు. మీరు ఎం.ఆర్.టి.ఎస్. రైలెక్కినప్పుడు కిటికీలోంచి కనిపించే బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా, అందులో అడయారు నదినీ కూవం నదినీ కలిపే 8 కిలోమీటర్ల ముక్కను ఆ కరువు పనుల్లోనే 1877–78లో తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్ళు తవ్విన కాలువ అది.

అదే బకింగ్‌హామ్ కాలువలో ఇంకోచోట మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టు తీసుకుని, వేల మందికి పని, కూలి ఇప్పించాడు. పని చేసుకుంటున్నవాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య అందరూ చెప్తారు. దాని ముందు ఆయన ఆగిన నెలల గురించి తక్కువమంది చెప్తారు. మా ముత్తవ్వ ఊరు ఒంగోలు దగ్గరే, అందుకే ఈ కథ నాకు ఇంట్లో మాటలా ఉంటుంది. ఆకలిగా ఉన్న మనిషి కాదనలేడు. కాదనలేని మనిషిని ఏదీ అడగకూడదు. మేం సరుకులు ఇచ్చే 14 ఇళ్ళలో ఐదు హిందూ కుటుంబాలు, మూడు ముస్లిం కుటుంబాలు. ఎవరైనా ప్రార్థన చేయమని వాళ్ళంతట వాళ్ళే అడిగితే చేస్తాం.

ఫొటోల విషయంలో కూడా అంతే. కొన్నేళ్ళ క్రితం మా వాళ్ళలో ఒకరు సంచి అందుకుంటున్న ఒక అమ్మాయి ఫొటో స్టేటస్‌లో పెట్టారు. ఆ పిల్ల పదో తరగతి. క్లాసులో ఎవరో చూశారు. మరుసటి నెల వాళ్ళమ్మ సంచి తీసుకోవడానికి రాలేదు, మేం ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. ఆ ఇంటిని మేం పోగొట్టుకున్నాం. అప్పట్నుంచి మనుషుల ముఖాలు తీయం. దాతలకు చూపించాలంటే బియ్యం బస్తాలు, బిల్లులు, గిన్నెలు తోముతున్న మన పిల్లల్ని తీయండి. సంచులు కూడా చర్చి గేటు దగ్గర వరుసలో నిలబెట్టి ఇవ్వకండి. చీకటి పడ్డాక ఇద్దరు బండి మీద వెళ్ళి ఇంట్లో ఇచ్చి రండి, మామూలు కూరగాయల సంచిలో.

మరి బిర్యానీ? మీ పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు, ఆ ఉత్సాహం చల్లార్చకండి. క్రిస్మస్‌కు మీ పది కుటుంబాలనూ, ఆసుపత్రి దగ్గర పరిచయమైనవాళ్ళనూ ప్రేమ విందుకు పిలవండి. సంఘం వాళ్ళతో కలిపి ఒకే బంతిలో కూర్చోబెట్టండి, మీ తల్లులు వడ్డించాలి. ఎవరు సాయం తీసుకునేవాళ్ళో ఎవరు ఇచ్చేవాళ్ళో కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియకూడదు. అలా 120 మందికి వండితే మీ 60 వేలల్లో నాలుగో వంతు చాలు. మిగిలినది మే నెలకు దాచండి.

మొదలుపెట్టడానికి డిసెంబరు దాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి అనుమతితో రెండు నిమిషాలు మాట్లాడి, ఇష్టమున్న ఇళ్ళకు డబ్బాలు ఇవ్వండి. కొత్తవి కొనొద్దు, స్త్రీల సమాజం వాళ్ళను అడిగితే హార్లిక్స్ సీసాలు, నూనె డబ్బాలు కడిగి ఇస్తారు. గట్టి మూత ఉన్నవే తీసుకోండి, లోపల రెండు ఎండుమిరపకాయలు గానీ కాసిని వేపాకులు గానీ వేయమని చెప్పండి, లేకపోతే వానాకాలంలో పురుగు పడుతుంది. ఇంటికి ఎన్ని పిడికెళ్ళు అని ఎవరైనా అడిగితే ఒక్కటే చెప్పండి. రెండో నెలలో వాళ్ళే పెంచుతారు.